ఇంటి వైరింగ్‌కు ఎలక్ట్రీషియన్ చెప్పిన ధర న్యాయమైనదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మొత్తం పనికి ఒకే అంకె చెప్పారు. అది ఎక్కువో తక్కువో ఎలా తెలుసుకోవాలి?

ఆ ఒక్క అంకెను చూసి ఎంత అనుభవం ఉన్నవారైనా చెప్పలేరు. ఇంటి వైరింగ్ ధరలో వైర్లు, పైపులు, స్విచ్‌లు, గదులకు కరెంటును పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు వంటి సామాన్ల ఖరీదు ఒక భాగం. గోడలో గాడి కొట్టి, పైపులు వేసి, వైర్లు లాగి, బోర్డులు బిగించే మనుషుల కూలి మరొక భాగం. పని ముగిశాక పరీక్షించడం, తరువాత లోపం బయటపడితే తిరిగి వచ్చి సరిచేస్తామన్న పూచీ కూడా అందులోనే ఉంటాయి. ఒకరి ధరలో ఇవన్నీ ఉండవచ్చు, ఇంకొకరి ధరలో కూలి మాత్రమే ఉండవచ్చు. అందువల్ల తగ్గింపు మాట ఎత్తడానికి ముందు, ఏ సామాను ఎంత, ఏ కంపెనీది, కూలి ఎంత, ఏయే పరీక్షలు చేస్తారు అన్నది విడివిడిగా రాసి ఇమ్మని అడగాలి. అలా రాసి ఇవ్వగలిగిన ధరనే సరిచూడగలం. ఎన్నిసార్లు అడిగినా వివరం ఇవ్వని ధర తక్కువగా ఉన్నప్పటికీ దాన్ని నమ్మడానికి ఆధారం లేదని నా అభిప్రాయం.

పాయింటుకు ఇంత, చదరపు అడుగుకు ఇంత, రోజుకు ఇంత అని రకరకాలుగా చెబుతున్నారు. ఏ పద్ధతి మంచిది?

పాయింట్ల లెక్క ఇంటి యజమానికి కొంత అనుకూలం, ఎందుకంటే లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు ఎన్నో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. అయితే ‘పాయింటు’ అంటే ఏమిటో ముందుగా తేల్చుకోకపోతే ఆ అనుకూలమే తగాదాకు మూలమవుతుంది. మెట్ల పైనా కిందా రెండు స్విచ్‌లతో వెలిగే ఒక్క లైటు ఒక పాయింటా, రెండా? స్విచ్ బోర్డులోనే ఉన్న ప్లగ్గును, దూరంగా మరో గోడకు విడిగా వేసిన ప్లగ్గును ఒకే ధరకు లెక్కిస్తారా? గీజరు, ఏసీ వంటి వాటికి బోర్డు నుంచి నేరుగా ప్రత్యేక వైరు రావాలి కాబట్టి వాటికి వేరే ధర చెప్పడం సమంజసమే. కానీ ఆ వేరే ధర ఎంతో పని మొదలయ్యే ముందే కాగితం మీద ఉండాలి. డిస్ట్రిబ్యూషన్ బోర్డు బిగింపు, మీటరు నుంచి బోర్డు వరకు వచ్చే మెయిన్ వైరు, ఎర్తింగ్ పని పాయింట్ల ధరలో కలిసి ఉన్నాయా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి. చివరి బిల్లులో ‘అదనం’ పేరుతో కనిపించేవి ఎక్కువగా ఈ మూడే.

చదరపు అడుగుల లెక్క తొలి అంచనాకు పనికి వస్తుంది, అంతకు మించి దానిమీద ఆధారపడకూడదు. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు ఇళ్లలో ఒకదానికి నలభై పాయింట్లు, ఇంకొకదానికి వంద పాయింట్లు ఉండవచ్చు. రోజు కూలి పద్ధతి చిన్న మరమ్మతులకు, లోపం ఎక్కడుందో వెతికే పనికి సరిపోతుంది. అంతు తెలియని పెద్ద పనికి అది యజమానికి భారమవుతుంది.

ఇద్దరి కొటేషన్ల మధ్య దాదాపు సగానికి సగం తేడా ఉంది. ఎక్కువ చెప్పినవారు మోసం చేస్తున్నట్టేనా?

అలా అనుకోవలసిన పని లేదు. అంత పెద్ద తేడా కనిపించినప్పుడు, ఇద్దరూ ఒకే పనికి ధర చెప్పలేదని ముందుగా అనుమానించాలి. తక్కువ ధరలో మాయమయ్యేవి చాలావరకు గోడ లోపలికి, బోర్డు మూత వెనక్కి వెళ్లిపోయేవే. ప్లగ్గుకు మూడో వైరుగా వెళ్లవలసిన ఎర్త్ వైరును వేయకపోవడం, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయవలసిన చోట 1.5 వేయడం, కరెంటు లీకైనప్పుడు సరఫరాను ఆపే ఆర్‌సీసీబీని పెట్టకపోవడం, ఒక్కో గదికి విడిగా సర్క్యూట్ తీయకుండా అన్నింటినీ ఒకే ఎంసీబీ (భారం మించితే సరఫరాను ఆపే స్విచ్) కిందికి తేవడం, చివరి పరీక్షలను వదిలేయడం ఇందులోకి వస్తాయి. గోడకు రంగు వేశాక ఇవేవీ కంటికి కనబడవు, స్విచ్ వేస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంటి యజమాని భయపడవలసింది కూలిలో కొంత ఎక్కువ తీసుకునే ఎలక్ట్రీషియన్‌కు కాదని, కనబడని చోట సామాను తగ్గించే ఎలక్ట్రీషియన్‌కని గట్టిగా చెబుతాను. మొదటిది ఒక్కసారి పోయే డబ్బు, రెండోది ఇంట్లోని మనుషుల ప్రాణాలకు సంబంధించినది.

ఇద్దరి చేతికీ ఒకే జాబితా ఇచ్చి మళ్లీ ధర అడగండి. ఏ గదిలో ఏయే పాయింట్లు, ఏ సర్క్యూట్‌కు ఎంత మందం వైరు, ఎన్ని ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, ఎర్తింగ్, పరీక్షలు అన్నీ అందులో ఉండాలి. తేడా చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ మిగిలిన తేడానే నిజమైన ధర తేడా.

వైర్ల లెక్క నిజమో కాదో నేను సరిచూడగలనా?

తప్పకుండా చూడగలరు, దీనికి కావలసింది ఒక టేపు, కొంచెం ఓపిక మాత్రమే. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి ప్లగ్గు వరకు పైపు వెళ్లే దారిని, అంటే గోడ మీదుగా పైకి, పైకప్పు వెంబడి, మళ్లీ గోడ మీదుగా కిందికి కొలవండి. అది 14 మీటర్లు ఉందనుకుందాం. ఆ ప్లగ్గుకు ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ వెళ్లాలి కాబట్టి 42 మీటర్ల వైరు పడుతుంది. అలాంటి సర్క్యూట్లు ఆరు ఉంటే ఒక్కో రంగు వైరు 84 మీటర్లు కావాలి. ప్రతి చివరా బాక్సులో బిగించడానికి వదిలే జానెడు వైరును, కోతల్లో పోయే ముక్కలను కలుపుకున్నా 100 మీటర్ల చుట్టలు రంగుకొకటి చొప్పున మూడు సరిపోతాయి. బిల్లులో ఆరు చుట్టలు కనిపిస్తే మిగిలినవి ఎక్కడ వాడారని అడగడం మీ హక్కు. లైట్లకు, ఫ్యాన్లకు స్విచ్ వరకు ఒక దారి, అక్కడి నుంచి లైటు వరకు మరొక దారి ఉంటుందని, మెట్ల లైటు వంటి రెండు స్విచ్‌ల ఏర్పాటుకు అదనపు వైర్లు పడతాయని మాత్రం గుర్తుంచుకోవాలి. రంగుకొక చుట్ట కొనవలసి రావడం వల్ల కొంత వైరు మిగలడం సహజమే. మిగిలినది మీకు అప్పగించాలా, వారు తీసుకుపోవాలా అన్నది ముందే అనుకుంటే మనస్పర్థలు రావు.

వైరు అసలు రాగిదేనా, చెప్పినంత మందం ఉందా అన్నది ఎలా తెలుస్తుంది?

మొత్తం వైరింగ్‌లో అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసిన విషయం ఇదే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. వైరు ఖరీదులో ప్రధాన భాగం రాగిదే. మార్కెట్లో రాగి ధర పెరిగినప్పుడు వైరు ధర కూడా పెరుగుతుంది. అందుకే ఒక నెల క్రితం ఇచ్చిన కొటేషన్ ఇప్పుడు చెల్లదని ఎలక్ట్రీషియన్ అంటే అది సాకు కాకపోవచ్చు. సమస్య ఎక్కడంటే, రాగి పొదుపు చేసిన వైరును పూర్తి ధరకు అమ్మేవారు ఉంటారు.

రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. దాని ప్రకారం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 100 మీటర్ల చుట్టలో రాగి మాత్రమే సుమారు 2.2 కిలోలు తూగాలి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు బరువు దీనికి అదనం. చుట్ట మొత్తం బరువే రెండు కిలోలకు తక్కువగా ఉంటే ఆ వైరు మందం తగ్గిందో, పొడవు తగ్గిందో, లోహమే మారిందో అయి ఉండాలి. అల్యూమినియం మీద పలుచగా రాగి పూత పూసిన వైరు ఇలాంటిదే. పైకి రాగిలాగే ఎర్రగా ఉంటుంది, కానీ అందులోని లోహం రాగి బరువులో సగం కూడా తూగదు. తీగ చివరను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. పైన తగరం పూసిన అసలైన రాగి తీగలు కూడా ఉంటాయి, అవి పైకి తెల్లగా ఉండి గీరితే ఎర్రగా కనిపిస్తాయి కనుక పై రంగు చూసి తొందరపడి నిందించకూడదు.

మరొక కొలత నిరోధకత, అంటే కరెంటుకు వైరు ఇచ్చే అడ్డు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60228 ప్రకారం సన్నని తీగల అల్లికతో ఉండే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7.98 ఓమ్‌లకు మించకూడదు. అంటే 100 మీటర్ల చుట్టకు 0.8 ఓమ్ లోపే ఉండాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకైతే ఈ పరిమితి కిలోమీటరుకు 13.3 ఓమ్‌లు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు నిరోధకత అదే మందమున్న రాగి వైరు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. మామూలు మల్టీమీటరు ఇంత తక్కువ విలువలను నికరంగా చూపించదు, దాని సొంత తీగల నిరోధకతే అందులో కలిసిపోతుంది. కాబట్టి ఇంట్లో చేసుకోవడానికి తూకమే సులువైన పరీక్ష.

అవసరానికి మించి మందమైన వైరు వేయమంటున్నారు. ఇది బిల్లు పెంచడానికేనా?

లెక్క వేసి చూడండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల సరఫరా మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. బోర్డు నుంచి గీజరు 25 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్లి రావడానికి 50 మీటర్ల వైరు. అది 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే దారిలో దాదాపు 5.8 వోల్టులు పడిపోతాయి, 2.5 అయితే సుమారు 3.5 వోల్టులు. మొదటి వైరులో గీజరు వాడినంతసేపూ 50 వాట్లు గోడలోనే వేడిగా పోతాయి. దూరమైన, భారమైన పరికరానికి ఒక మెట్టు మందమైన వైరు అడగడంలో న్యాయం ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా గోడలో పైపులో వేసిన, ప్లాస్టిక్ తొడుగున్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసిన తీరును బట్టి సుమారు 14 నుంచి 17 ఆంపియర్లు, 2.5 వైరు సుమారు 19 నుంచి 24 ఆంపియర్లు మోయగలవు. పరిసరాల వేడి 30 డిగ్రీలు దాటినా, ఒకే పైపులో చాలా సర్క్యూట్లు వెళ్లినా ఈ సామర్థ్యం తగ్గుతుంది.

అదే ఎల్‌ఈడీ లైట్లు నాలుగు ఉన్న గదికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తామంటే దానికి కారణం అడగాలి. వాట్లు, దూరం చెప్పి లెక్క చూపిస్తే ఆ ధర ఇవ్వవచ్చు. ‘మందంగా ఉంటే మంచిది’ అన్న మాట ఒక్కటే సమాధానమైతే ఇవ్వనవసరం లేదు.

ఎంసీబీలు, ఆర్‌సీసీబీలకే చాలా ఖర్చు చూపించారు. వాటిలో తగ్గించుకోవచ్చా?

సంఖ్య తగ్గించమని అడగవద్దు. ఎంసీబీ ప్రధానంగా వైరును కాపాడుతుంది, ఓవర్‌లోడ్ అయినా షార్ట్ సర్క్యూట్ అయినా వైరు కాలకముందే సరఫరాను ఆపుతుంది. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఇళ్లలో వాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ స్థాయి లీకేజీ ఏర్పడితే 0.3 సెకను లోపు తెంచాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని మానుకోవడానికి వీల్లేదు, మామూలు ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌ను పట్టించుకోదు. ధర సరిచూడాలంటే కంపెనీ పేరు, ఆంపియర్లు, రకం రాయించుకుని బయట అడిగి తెలుసుకోండి, ఈ సామాన్ల ధరలు దాచలేనివి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది పెడతామంటే మాత్రం ఒప్పుకోకూడదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, వైరు వేడెక్కి తొడుగు కరుగుతున్నా అది కదలదు.

కూలి ఎక్కువ అనిపిస్తోంది. దాన్ని దేనితో పోల్చాలి?

ఎంతమంది, ఎన్ని రోజులు పనిచేస్తారో అడగండి. మనుషుల సంఖ్యను రోజులతో గుణించి, కూలి మొత్తాన్ని దానితో భాగిస్తే ఒక్క మనిషికి రోజుకు ఎంత పడుతుందో వస్తుంది. దాన్ని మీ ప్రాంతంలో అంతే నైపుణ్యం కావలసిన ప్లంబరు, వడ్రంగి, టైల్స్ మేస్త్రీల రోజు సంపాదనతో పోల్చండి. ఎలక్ట్రీషియన్ సంపాదన వారికంటే కొంత ఎక్కువగా ఉంటే ఆశ్చర్యపోనవసరం లేదు, లైసెన్సు, పరీక్షా పరికరాలు, గాడి కోసే యంత్రాలు, ప్రయాణం, పని దొరకని రోజులు అన్నీ దానిలోంచే గడవాలి. పనిలోకి వచ్చినవారిలో నేర్చుకుంటున్న సహాయకులు ఎందరో కూడా గమనించాలి. అందరికీ పెద్ద మేస్త్రీ లెక్కనే కూలి కడితే ప్రశ్నించవచ్చు.

కొత్త ఇంటి పనికీ, మనుషులు కాపురమున్న పాత ఇంటి పనికీ ఒకే కూలి ఆశించడం న్యాయం కాదు. పాత ఇంట్లో సామాను జరపాలి, దుమ్ము పడకుండా కప్పాలి, పైపులు ఎటు వెళ్లాయో తెలియని గోడను జాగ్రత్తగా తెరవాలి, సాయంత్రానికి సరఫరా తిరిగి ఇవ్వాలి. గాడి పూడ్చి ప్లాస్టరింగ్ చేయడం ఎవరి పనో తేల్చుకోకపోతే ఆ ఖర్చు ఆఖరున మీ మీదే పడుతుంది.

పది నిమిషాల్లో బాగుచేసి పెద్ద మొత్తం తీసుకున్నారు. ఇది సరైనదేనా?

వచ్చిపోయే ఖర్చు ఎంతో పిలిచేటప్పుడే చెప్పి ఉంటే సరైనదే. ఇక్కడ డబ్బు పది నిమిషాలకు కాదు, లోపం ఎక్కడుందో పది నిమిషాల్లో కనిపెట్టిన అనుభవానికి. ముందుగా చెప్పకుండా పని అయ్యాక నోటికి వచ్చిన అంకె చెబితే అభ్యంతరం చెప్పండి.

సామాను నేనే కొనిస్తే ఖర్చు తగ్గుతుందా?

కొంత తగ్గవచ్చు, నాణ్యత మీ చేతుల్లో ఉంటుంది. కానీ సామాను చాలక పని ఆగిన రోజు కూలి మీదే, తరువాత స్విచ్ పాడైతే ‘సామాను మీది’ అన్న జవాబూ మీకే వస్తుంది. ఎలక్ట్రీషియన్ సామాను తెచ్చినప్పుడు దాని మీద కొంత లాభం వేసుకోవడం తప్పు కాదు, కొనడం, మోయడం, పాడైతే మార్చి తేవడం కూడా పనే. దుకాణం బిల్లు చూపించి, తన లాభాన్ని విడిగా చెప్పేవారైతే వారికే అప్పగించడం మేలని నాకు అనిపిస్తుంది.

పాత వైరింగ్ అంతా మార్చాలంటున్నారు. నిజంగా అవసరమో కాదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష చేసి అంకెలు చూపించమనండి. సరఫరా ఆపి, పరికరాలన్నీ తీసేసి, మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల డీసీ ఇచ్చి వైర్ల మధ్య, వైర్లకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ (వైరు తొడుగు) నిరోధకతను కొలుస్తారు. ఇళ్ల సరఫరాకు ఐఈసీ ప్రమాణం కోరే కనీస విలువ 1 మెగాఓమ్. మంచి వైరింగ్‌లో ఇది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఒక్క సర్క్యూట్‌లోనే విలువ పడిపోయి మిగిలినవి బాగుంటే, ఆ ఒక్కదాన్నే మార్చడం గురించి మాట్లాడవచ్చు. తొడుగు పెళుసెక్కి చేతితో వంచితే పగులుతున్నా, ప్లగ్గులకు ఎర్త్ వైరే లేకున్నా, ఇప్పటి పరికరాల భారానికి వైరు మందం చాలకున్నా మొత్తం మార్చమన్న సలహా న్యాయమైనదే.

పరీక్షలకు విడిగా డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఇవ్వండి, కానీ ఫలితాలు కాగితం మీద తీసుకోండి. ఇన్సులేషన్ విలువలు, ప్రతి ప్లగ్గు వరకు ఎర్త్ వైరు తెగకుండా ఉందన్న నిర్ధారణ, ఫేజ్ న్యూట్రల్ తారుమారు కాలేదన్న నిర్ధారణ, ఆర్‌సీసీబీ ఎంత వేగంగా తెంచిందన్న కొలత సర్క్యూట్ల వారీగా అందులో ఉండాలి. టెస్టరు పెట్టి బల్బు వెలిగించి చూపించడం వీటికి బదులు కాదు.

డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి?

పని ముందుకు సాగిన కొద్దీ ఇవ్వడమే ఇద్దరికీ క్షేమం. సామాను వచ్చాక ఒక భాగం, పైపులు వేశాక ఒకటి, వైర్లు లాగాక ఒకటి ఇచ్చి, పరీక్షా ఫలితాలు చేతికి వచ్చే వరకు చెప్పుకోదగ్గ మొత్తాన్ని ఆపుకోండి. గోడ పూడ్చే ముందు ప్రతి గోడనూ టేపు కనిపించేలా ఫోటో తీయండి. వైర్లు లాగినప్పుడు వాటిమీద అచ్చయిన మందం, కంపెనీ పేరు చదివి కొటేషన్‌తో సరిచూడండి. మధ్యలో మీరు చేర్చిన ప్రతి కొత్త పాయింటును ఆ రోజే ధరతో సహా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. బిల్లు పెరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో యజమానులు మాట మీద చేర్పించిన పాయింట్లూ ఉంటాయి, వాటికి ఎలక్ట్రీషియన్‌ను తప్పుపట్టలేం.

పని పూర్తయ్యాక ఎక్కువ తీసుకున్నారని తెలిస్తే ఏం చేయాలి?

కోపంతో కాకుండా కొలతలతో మాట్లాడండి. పాయింట్లు మళ్లీ లెక్కపెట్టి, వైరు దారులు కొలిచి, కొటేషన్‌కూ బిల్లుకూ మధ్య తేడా ఉన్న వరుసలను మాత్రమే వారి ముందు పెట్టండి. లెక్క తప్పినచోట సరిచేయడానికి నిజాయితీగల ఎలక్ట్రీషియన్ వెనుకాడరు. కుదరకపోతే లైసెన్సున్న మరొక ఎలక్ట్రీషియన్‌తో కొలతలు తీయించి లిఖితపూర్వకంగా తీసుకుని, మీ ప్రాంతంలోని వినియోగదారుల ఫిర్యాదుల సంస్థను ఆశ్రయించవచ్చు. కొటేషన్, బిల్లు, ఫోటోలు, పరీక్షా ఫలితాలు అక్కడ అడుగుతారు. వివాదం ధర గురించి కాక ఎర్త్ వైరు లేకపోవడం, వైరు మందం తగ్గడం వంటి వాటి గురించైతే, డబ్బు సంగతి తేలేవరకు ఆగకుండా ఆ సర్క్యూట్ ఎంసీబీని ఆఫ్ చేసి వాడకం ఆపండి.